లోపలి వైపు ఫొటో అడగండి: పసిపిల్లల ఫొటోలకు క్రోషే ప్రాప్స్ ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు

పార్సిల్ విప్పినప్పుడు ఎలుగుబంటి టోపీ ముచ్చటగానే కనిపించింది. గోధుమరంగు ఊలు, గుండ్రటి చెవులు, అంచున చిక్కటి అల్లిక. అమ్మకం పేజీలో ఎలా ఉందో అలాగే వచ్చింది. అలవాటు కొద్దీ తిరగేసి చూశాను. లోపల చిటికెన వేలంత పొడవున మూడు దారపు కొసలు వేలాడుతున్నాయి. చెవులు కుట్టినవి కావు, జిగురుతో అంటించినవి. ఆ జిగురు అల్లికలోంచి లోపలికి దిగి, ఎండి, గోరులా గట్టిపడింది. సరిగ్గా బిడ్డ కణతకు తగిలే చోట. ఆ టోపీ ఇంతవరకు ఏ బిడ్డ తలకూ ఎక్కలేదు.

నేను పసిపిల్లల ఫొటోలు తీస్తాను, తీరిక దొరికితే క్రోషే సూది కూడా పట్టుకుంటాను. రెండు పనులూ తెలిసినందువల్ల నాకు అర్థమైన సంగతి ఏమిటంటే, ఆన్‌లైన్‌లో అమ్మే ప్రాప్స్‌లో, అంటే ఫొటో కోసం బిడ్డకు తొడిగే టోపీలు, లాగులు, పక్కన పెట్టే బొమ్మల వంటివాటిలో, పైవైపు అందరిదీ బాగానే ఉంటుంది. కెమెరా కంటికి నచ్చేలా అల్లడం పెద్ద విద్య కాదు. బిడ్డ ఒంటికి నప్పేలా అల్లడం విద్య, అది తిరగేస్తే గానీ బయటపడదు. అందుకని ఎక్కడ కొన్నా, ఎవరి దగ్గర కొన్నా, లోపలి వైపు ఫొటో పంపమని అడగండి. పంపినవారి దగ్గర కొనండి. రంగు, దారం, కొలత వంటి మిగతా పోలికలన్నీ దీని తరవాతే.

"చేత్తో అల్లినది" అంటే

అసలైన క్రోషేను అల్లే యంత్రాలు కర్మాగారాల్లో లేవు. రెండు సూదుల అల్లికను, అంటే నిట్టింగ్‌ను, యంత్రం 16వ శతాబ్దం చివరి నుంచే చేస్తోంది. ఒక్క కొక్కెంతో, కుట్టు తరవాత కుట్టు ముగించుకుంటూ పోయే క్రోషే మాత్రం నేటికీ మనిషి చేతి మీదే నడుస్తోంది. క్రోషేలా కనిపించే యంత్రపు లేసులు ఉన్నాయి గానీ వాటి అల్లిక వేరు. కాబట్టి నిజంగా క్రోషే టోపీ అయితే, ఎంత చవకగా దొరికినా అది ఎవరో ఒకరు కూర్చుని అల్లినదే. "చేత్తో చేసినది" అన్న ముద్ర చూసి మురిసిపోవలసిన పని లేదు. ఎవరి చేత్తో అన్నదే ప్రశ్న.

అల్లినవారే అమ్ముతుంటే దారం ఏమిటో చెప్పగలరు, కొలత మార్చగలరు, తాడు ఊడితే మళ్లీ కుట్టి పంపగలరు. టోకున తెచ్చి అమ్మేవారికి తమ పెట్టెలో ఉన్నది తప్ప మరేమీ తెలియదు. ఇద్దరినీ వేరు చేయడం అంత కష్టం కాదు. ఒక మనిషి చేతికి ఒక తీరు ఉంటుంది: అంచు ముగించే పద్ధతి, తాళ్లు పేనే విధానం, ఇష్టపడే నాలుగైదు రంగులు. దుకాణం మొత్తం ఒకసారి చూస్తే ఆ తీరు కనిపించాలి. వందల రకాలు, ఒక్కోటి ఒక్కో తీరున, ఫొటోల నేపథ్యాలు కూడా పొంతన లేకుండా ఉంటే అక్కడ అల్లేవారు ఎవరూ లేరని అనుకోవచ్చు. ఎట్సీ 2005లో చేతిపనుల అంగడిగా మొదలైంది, అమెజాన్ 2015లో చేతిపనులకు విడిగా ఒక విభాగం తెరిచింది. ఇలాంటి చోట్ల వెతకడం తేలికే. కానీ ఎంత మంచి అంగడి అయినా దుకాణాలను ఒక్కొక్కటిగా చూసుకోవలసిందే.

ఇంకో చిక్కు. క్రోషే అని రాసి ఉన్నవాటిలో కొన్ని నిజానికి నిట్టింగ్. ఫొటోను పెద్దది చేసి చూడండి. నిలువు వరసల్లో ఒకదాని కింద ఒకటిగా చిన్న చిన్న 'వి' ఆకారాలు దిగుతుంటే అది నిట్టింగ్. కుట్లు కుదురుగా, ముడి వేసినట్టు కొంచెం ఉబ్బుగా, అంచు మీద జడ పరిచినట్టు ఉంటే క్రోషే. నిట్టింగ్ తక్కువదేమీ కాదు. నిజం చెప్పాలంటే బిడ్డ తలకు హత్తుకునే పల్చటి కుల్లాయి, అంటే బానెట్, కావాలంటే నేను నిట్టింగ్‌నే ఎంచుకుంటాను, ఎందుకంటే అది బాగా సాగుతుంది. క్రోషే సాగడం తక్కువ, ఆకారం నిలబెట్టుకోవడం ఎక్కువ. చెవులు, కొమ్ములు, పువ్వులు, చేప పొలుసులు, పక్కన కూర్చోబెట్టే బొమ్మలు, ఇవన్నీ క్రోషే సొత్తు. సాగేది కావాలా, నిలబడేది కావాలా అని ముందే తేల్చుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది.

ఈమధ్య మరో బెడద తోడైంది. అసలు లేని వస్తువుకు కంప్యూటర్ కల్పించిన బొమ్మలు పెట్టి అమ్ముతున్నారు. అల్లిక తెలిసినవారికి అవి ఇట్టే దొరికిపోతాయి: కుట్లు ఒక వరసలో మొదలై మధ్యలో కరిగిపోతాయి, దారం ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో తెలియదు, పువ్వు రేకులకు మొదలు కనిపించదు. అల్లిక తెలియనివారు ఆ ఫొటోతో ఇంటర్నెట్‌లో వెతికితే చాలు. అదే ఫొటో పది దుకాణాల్లో తేలితే అసలు మనిషి ఎవరో వెతుక్కోవాలి, లేదా వదిలేయాలి. కొన్నవాళ్లు పెట్టిన ఫొటోలను మాత్రం ఎంత మసకగా ఉన్నా తీరికగా చూడండి. దుకాణం పెట్టిన వాటి కన్నా అవే నాకు ఎక్కువ చెబుతాయి.

సిద్ధంగా ఉన్నదా, చేయించుకునేదా

ఇక్కడ డబ్బు కన్నా తేదీ ముఖ్యం. ముడుచుకుని నిద్రపోయే పసికందు ఫొటోలను మామూలుగా పుట్టిన 5 నుంచి 14 రోజుల మధ్య తీస్తారు. ఆ తరవాత బిడ్డ కాళ్లు చాపుకోవడం మొదలుపెడుతుంది, నిద్ర తేలికవుతుంది. ఇటు చూస్తే డాక్టరు చెప్పిన తేదీనే పుట్టేవారు నూటికి అయిదుగురికి మించరు. బిడ్డ పుట్టాక ఆర్డరు పెడితే వస్తువు చేరేసరికి ఆ రెండు వారాలు దాటిపోతాయి. ముందే పెడితే బిడ్డ తల ఎంత ఉంటుందో తెలియదు.

అందుకని తల్లిదండ్రులకు నా సలహా: సిద్ధంగా ఉన్నది కొనండి, ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో కొనండి, తాళ్లతో బిగించుకునేది కొనండి. గడ్డం కింద ముడి వేసే బానెట్, వెనక కట్టుకునే తలపట్టీ, పక్కన ముడులుండే చిన్న లాగు ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాను సర్దుకుంటాయి. ఎలాస్టిక్ పెట్టినవి బిడ్డ నుదుటి మీద ఎర్రటి గీత మిగులుస్తాయి, ఆ గీత ఫొటోలో కూడా పడుతుంది.

ఆర్డరిచ్చి చేయించుకోవడం ఫొటోగ్రాఫర్లకు ఎక్కువ లాభం. తమ దగ్గరున్న దుప్పటి రంగుకు సరిపోయే టోపీ, కవలలకు ఒకే దారంతో రెండు జతలు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు మరీ చిన్న కొలత, ఇవి సిద్ధంగా దొరకవు. అలా చేయించేటప్పుడు "నెల బిడ్డకు" అని చెప్పకండి, సెంటీమీటర్లలో చెప్పండి. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సగటున 34, 35 సెంటీమీటర్లు. మూడు నెలలకు 40 దగ్గరికి, ఆరు నెలలకు 43 దగ్గరికి, ఏడాదికి 45, 46కు చేరుతుంది. టోపీ తల కన్నా రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ ఉంటేనే జారకుండా నిలుస్తుంది. ఇంత వివరం అడిగే అల్లకందారు దొరికితే వదలకండి. కొలత అడగకుండా "తప్పకుండా చేసేస్తాం" అన్నవారి దగ్గర నేను రెండోసారి కొన్నది లేదు.

చేయించుకున్నదాన్ని సాధారణంగా వెనక్కి తీసుకోరు. వినియోగదారుకు 14 రోజుల్లో వస్తువు తిప్పి పంపే హక్కున్న ఐరోపా సమాఖ్య చట్టం కూడా ఒకరి కోసం ప్రత్యేకంగా చేసిన వస్తువులకు ఆ హక్కు ఇవ్వదు. అందుకే ఇక్కడ ముందుగా అడగడమే రక్షణ.

పెద్ద అంగళ్లలో టోపీ, లాగు, బూటీలు, బొమ్మ కలిపి ఒకే సంచిలో వచ్చే సెట్లు ఉంటాయి. ఒక్కసారి, ఒక్క ఫొటో కోసమైతే చాలునని చాలామంది అంటారు. నేను అనను. అందులో బిడ్డకు నిజంగా సరిపోయేది ఒకటే ఉంటుంది, మిగతా మూడు అలమరలోకి వెళతాయి. దానికన్నా స్టూడియో మూసేస్తున్న ఫొటోగ్రాఫర్ల దగ్గర పాతవి కొనడం మేలు. పదిసార్లు ఉతికినా ఆకారం చెడని టోపీ కంటే పెద్ద నాణ్యతా పత్రం ఏముంటుంది? వాసన, పురుగు తిన్న రంధ్రాలు, అంతే చూసుకోవలసింది.

నమూనా కొనుక్కుని మీరే అల్లుకునే దారి కూడా ఉంది. ఆ దారి పట్టేవారికి ఒక్క హెచ్చరిక: అమెరికన్లు సింగిల్ క్రోషే అనే కుట్టునే బ్రిటిష్ వారు డబుల్ క్రోషే అంటారు. ఏ పద్ధతిలో రాసిన నమూనానో చూసుకోకపోతే పసికందు టోపీ కాస్తా పెద్దవాళ్ల టోపీ అవుతుంది. నాది ఒకటి అలాగే అయింది, ఇప్పటికీ చలికాలంలో నేనే పెట్టుకుంటున్నాను.

దారం సంగతి

మనం అన్నిటినీ ఊలు అనే అంటాం, గొర్రె ముఖం కూడా చూడని ఆక్రిలిక్ అనే కృత్రిమ దారాన్ని సైతం. అమ్మకం పేజీలో ఊలు అని ఉంటే సరిపోదు, ఏ ఊలో అడగాలి.

మెరీనో అనే జాతి గొర్రె ఉన్ని అన్నిటికన్నా నాకు నచ్చినది. పోగు సన్నం, గుచ్చుకోదు, సాగి తిరిగి దగ్గరికి వస్తుంది, వెలుతురును మెత్తగా పీల్చుకుంటుంది. దీని బలహీనత ఉతుకు. మామూలు మెరీనోను వేడి నీళ్లలో వేసి పిండితే ముద్దకట్టి సగమవుతుంది. సూపర్‌వాష్ అని రాసి ఉంటే ఆ భయం తక్కువ. పసిబిడ్డల ఫొటోల్లో తడవని టోపీ ఉండవచ్చు గానీ తడవని లాగు ఉండదు కనుక లాగులకు, చుట్టే బట్టలకు సూపర్‌వాష్ అడగండి.

మోహేర్ అంగోరా మేక బొచ్చుతో తీసిన దారం. వెలుతురు వెనక నుంచి పడితే దాని నూగు చుట్టూ వెండి అంచు గీసినట్టు మెరుస్తుంది. ఆ మెరుపు కోసమే ఫొటోగ్రాఫర్లు దాని మీద ప్రాణం పెడతారు, నేనూ పెడతాను. కానీ నూగు రాలుతుంది. తల వెనక భాగానికి, ఒంటి కింద పరిచే దుప్పటికి సరే. ముక్కు దగ్గరికి, నోటి దగ్గరికి వచ్చే అంచులకు వద్దు. కొనే ముందు, తెల్ల మోహేర్‌ను నల్లబట్ట మీద రుద్ది ఫొటో పంపమని ఒకరిని అడిగాను. ఆమె నవ్వుతూనే పంపింది. నల్లబట్ట మీద నాలుగు పోగులే ఉన్నాయి. కొన్నాను.

నూలు దారం, అంటే పత్తిది, గుచ్చుకోదు, ఎన్నిసార్లయినా ఉతకవచ్చు. సాగదు, కాస్త బరువు. బొమ్మలకు, కూర్చోగల బిడ్డల దుస్తులకు బాగుంటుంది. పసికందు టోపీకి మాత్రం మొండి దారం.

ఆక్రిలిక్‌ను చిన్నచూపు చూడటం అల్లికవాళ్లలో ఒక ఫ్యాషన్. మంచి ఆక్రిలిక్ మెత్తగా ఉంటుంది, యంత్రంలో ఉతకవచ్చు, ఉన్నితో ఒళ్లు కందే బిడ్డకు అదే మేలు. నా ఫిర్యాదు కెమెరా వైపు నుంచి. ఫ్లాష్ పడితే చవక ఆక్రిలిక్ ప్లాస్టిక్‌లా మెరుస్తుంది. ఇక గదిని వెచ్చగా ఉంచేందుకు హీటరు పెట్టుకుంటాం కదా, దాని దగ్గర ఆక్రిలిక్ కరుగుతుంది. ఉన్ని అంత త్వరగా అంటుకోదు, కరగదు.

దారం లేబుల్ మీద ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 అని ఉంటే, అందులోనూ మూడేళ్లలోపు పిల్లల కోసమున్న మొదటి తరగతి అయితే, హానికర రసాయనాలకు అది కఠినమైన పరీక్ష దాటినట్టు. అయితే ఆ ముద్ర దారానిది. తరవాత కుట్టిన గుండీకి, పూసిన జిగురుకు, కట్టిన రిబ్బనుకు అది వర్తించదు.

రంగు గురించి ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. పసికందు చర్మం ఎర్రగా ఉంటుంది, కొందరికి కామెర్ల పసుపు కూడా ఉంటుంది. ముదురు ఎరుపు టోపీ ఆ ఎరుపును, నిమ్మపండు రంగు ఆ పసుపును బుగ్గల మీదికి ఒలకబోస్తుంది. మీగడ రంగు, బూడిద రంగు, పాలిపోయిన ఆకుపచ్చ ఎన్నిసార్లు వాడినా మోసం చేయలేదు. తెర మీద రంగును నమ్మకండి, కిటికీ పక్కన తీసిన ఫొటో అడగండి.

ఏ వస్తువు ముందు

ఒక్కటే కొనాలంటే తాళ్ల బానెట్. అది ఏ భంగిమలోనైనా ఇముడుతుంది, ముఖాన్ని మింగేయదు, బిడ్డ లేవకుండానే పెట్టవచ్చు. రెండోది కావాలంటే మోచేయి పొడవు చదరంగా ఉండే చిన్న దుప్పటి. కొలత తప్పే బాధ దానికి లేదు.

జంతువుల టోపీలు ముందు మనసు దోచి, తరవాత చేతిలో నిలవవు. చెవులు, కొమ్ములు బరువై టోపీ ముందుకు జారి కళ్ల మీద పడుతుంది. బిడ్డ వెల్లకిలా పడుకున్నప్పుడు బాగానే ఉంటుంది. గడ్డం చేతుల మీద ఆనించిన భంగిమలో పనికిరాదు. ఆ భంగిమే నిజానికి రెండు ఫొటోలు కలిపి చేసేది: ఒకదానిలో తలను, ఒకదానిలో చేతులను పెద్దవాళ్లు పట్టుకుని ఉంటారు. దాని మీద బరువు టోపీ మరీ అన్యాయం. తప్పనిసరి అనుకుంటే చెవులు చదునుగా, లోపల దూది లేకుండా ఉన్నవి చూడండి.

మెడ దాకా మూసే కకూన్ సంచుల్లో బిడ్డ గూట్లో పిట్టలా ఉంటుంది. గదిని ఎలాగూ వెచ్చగా ఉంచుతారు, మందపాటి ఊలు దానికి తోడైతే బిడ్డకు చెమట పడుతుంది. సన్నదారంతో, పైన వదులుగా అల్లినది తీసుకోండి, అయిదు నిమిషాల్లో పని ముగించండి. మత్స్యకన్య తోకల గురించి నాకు చెప్పడానికి ఏమీ లేదు. అడిగేవారు అడుగుతారు, తీస్తాను.

ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య, కూర్చోవడం వచ్చిన బిడ్డల విషయం వేరు. ఈ బిడ్డలు లాగుతారు, నోట్లో పెట్టుకుంటారు. చిన్నపిల్లల వస్తువుల భద్రత పరీక్షలో వాడే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. పూర్తిగా అందులో దిగిపోయే ముక్క ఏదైనా గొంతుకు అడ్డం పడగలదని లెక్క. ఆ గొట్టంలో గుండీలు, పూసలు, బొమ్మల ప్లాస్టిక్ కళ్లు అన్నీ దిగిపోతాయి. ఈ వయసుకు కళ్లు దారంతో కుట్టిన బొమ్మనే కొనండి.

నేను పంపే సందేశం

కొనే ముందు అమ్మేవారికి నేను దాదాపు ఇవే మాటలు రాస్తాను: "నమస్కారమండీ. ఈ టోపీ లోపలి వైపు, నడినెత్తి దగ్గర ఒక ఫొటో, పక్కన టేపు పెట్టి ఇంకో ఫొటో పంపగలరా? దారం పేరు, ఎలా ఉతకాలో కూడా చెప్పండి. చెవులు కుట్టారా, అంటించారా?" మర్యాదగానే అడుగుతాను. పని తెలిసినవారు ఇలాంటి ప్రశ్నలకు సంతోషిస్తారు.

నడినెత్తి ఎందుకంటే, క్రోషే టోపీ అక్కడే, మేజిక్ రింగ్ అనే చిన్న ఉచ్చుతో మొదలవుతుంది. ఆ ఉచ్చు కొసను లోపల అటూ ఇటూ తిప్పి కుట్టకుండా కత్తిరిస్తే కొన్ని వాడకాలకు రంధ్రం విచ్చుకుంటుంది. ఫొటోలో అక్కడ చదునుగా, కొస ఎక్కడుందో తెలియనట్టు ఉండాలి.

వస్తువు చేరాక బూటీలు, చేతి తొడుగులు ఉంటే ముందు వాటినే తిరగేయండి. వదులు పోగు ఒకటి బిడ్డ కాలివేలికి చుట్టుకుని రక్తం ఆడకుండా బిగుసుకుపోవడం వైద్యులకు బాగా తెలిసిన ప్రమాదం, బిడ్డ ఏడుస్తుంది తప్ప ఎక్కడో చెప్పలేదు. లోపలంతా చూపుడు వేలితో తడమండి. వేలికి తగులుకున్న పోగు బిడ్డ వేలికీ తగులుకుంటుంది. తరవాత వాసన లేని సబ్బుతో చల్లటి నీళ్లలో ఉతికి, వేలాడదీయకుండా తువ్వాలు మీద పరిచి ఆరబెట్టండి. ఫొటో అయిపోగానే తీసేయండి. టోపీతో, తలపట్టీతో బిడ్డను నిద్రపుచ్చడానికి ఇవి చేసినవి కావు.

దాచేటప్పుడు చాలామంది చేసే పొరపాటు కలరా ఉండలు వేయడం. వాటిలోని నాఫ్తలీన్ బట్టకు పట్టి ఉంటుంది. జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టిన బిడ్డకు ఆ బట్ట తొడిగితే ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై కామెర్లు ముదరవచ్చు, లోపం ఉన్నట్టు అప్పటికి ఎవరికీ తెలిసి ఉండకపోవచ్చు కూడా. ఉతికి, పూర్తిగా ఆరాక, గాలి చొరబడని పెట్టెలో పెట్టి, రెండు మూడు నెలలకోసారి తీసి దులిపితే పురుగు పట్టదు. పాతవి కొన్నప్పుడు ఆ వాసన వస్తే, ఎంత అందంగా ఉన్నా నేను తిప్పి పంపేస్తాను.